బోంజూర్ అంటే

మా అమ్మకి కొత్త ఊరు కనిపిస్తే కాళ్లు ఆగేవి కావు. ఎనభైల్లో ఒకసారి కాకినాడలో చుట్టాల పెళ్లికి బయల్దేరి, పంటు మీద గోదావరి దాటి యానాం రేవులో దిగాం. గట్టు మీద ఓ పెద్దాయన, ఫ్రెంచివాళ్ల నాటి బడిలో చదువుకున్న మనిషి, అమ్మని చూసి తల వంచి "బోంజూరమ్మా" అన్నాడు.

భోంచేశారా అని అడిగాడనుకుంది అమ్మ.

"ఇంకా లేదండీ. మీ ఇంట్లో ఏం వండారేంటి?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన క్షణం తెల్లబోయి, "ఆయ్, చేపల పులుసండి. రండి" అంటూ కనకాలపేట వైపు దారి తీశాడు.

"అమ్మా, ముహూర్తం దాటిపోద్దే" అని కొంగు లాగాను.

"పెళ్లిళ్లు మళ్లీ వస్తాయే. ఈ పులుసు వస్తుందా?" అంది అమ్మ, నాకంటే ముందు నడుస్తూ.

ఆయన భార్య కొసరి కొసరి వడ్డించింది. పులుసు ఎలా పెట్టారో, ఆ బడిలో ఏం చెప్పేవారో, అమ్మ అడగని ప్రశ్న లేదు. చెయ్యి కడుక్కున్నాకే ఆయన నెమ్మదిగా చెప్పాడు, "బోంజూరంటే నమస్కారమండి."

అమ్మ పగలబడి నవ్వింది. "నమస్కారానికే ఇంత పెట్టారు, భోజనానికే పిలిస్తే ఏం పెట్టేవారో."

పెళ్లి అందలేదు. ఆనాటి నుంచి మా ఇంట్లో అందర్నీ అన్నానికి పిలవాలంటే అమ్మ "బోంజూర్" అనేది. ఆవిడ కన్నుమూసిన ఏడాదే మనవరాలు కాలేజీలో ఫ్రెంచి తీసుకుని, పరీక్షలో ఆ మాటకి "అన్నానికి రండి" అని అర్థం రాసింది. మాస్టారు తప్పని కొట్టేశారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ దిద్దుకోలేదు.