కంప్యూటర్‌కు పెట్టిన జమ్మి

తొంభైల్లో దమ్మపేటలోని ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఫ్లాపీ పెడితే గానీ లేవని పాత కంప్యూటర్ అది. దసరా సెలవులయ్యాక ఫ్లాపీ పెడితే కరకరమని చప్పుడు చేసి ఊరుకుంది. మధ్యాహ్నానికల్లా ప్రోగ్రెస్ కార్డులు ప్రింట్ తీయాలి.

"ఖమ్మంల హార్డ్‌వేర్ కోర్సు చేసిన అంటివి గదా, చెయ్యి మరి" అంటూ హెడ్మాస్టర్ ఎదురుగా కుర్చీ వేసుకున్నారు.

కేబుళ్లన్నీ పీకి పెట్టాను. ర్యామ్‌ను రబ్బరుతో రుద్దాను. చెమటలు కారాయి. చివరికి "మదర్‌బోర్డు పోయింది సార్, కొత్తది కొనాల్సిందే" అని తేల్చేశాను. పరువు కోసం ఆఖరి ప్రయత్నంగా ఫ్లాపీ డ్రైవ్ ఊడదీసి దులిపితే, దసరాకు పెద్దల చేతిలో బంగారమని పెట్టే జమ్మి ఆకులు జలజలా రాలాయి.

గది ఊడుస్తున్న ఆయమ్మ నాలుక కరుచుకుంది. "పండుగ తెల్లారి నేనే పెట్టిన సారూ. దీనికి చేతులు లేవు గదా, నోట్లె పెట్టిన."

హెడ్మాస్టర్ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "జమ్మి పెద్దోళ్లకు పెడతరు. ఇది పెద్దదని నీకెవరు చెప్పిండ్రు?"

"రోజూ పొద్దుగాల నువ్వు దండం పెట్టినంకనే గద సారూ దీన్ని ముట్టుకునేది!"

ఇవాళైనా సరిగ్గా లేవాలని మొక్కుకునే మాట నిజమే. ఎవరూ చూడట్లేదనుకున్నాను.

ఇప్పటికీ ఏ మెషిన్ మొరాయించినా ముందు దాని నోరు తెరిచి చూస్తాను. దండం మాత్రం తలుపేసుకుని పెడతాను.