మూడు గుండ్ల పాలసీ

ఆ రోజుల్లో మా చిత్తూరులో జబ్బు చేయకముందే జబ్బుకు ఏర్పాట్లు చేసుకునే తెలివైనవాళ్ళు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. వచ్చినాక చూసుకునేవాళ్ళం. మొదట అమ్మ పెట్టే మిరియాల కషాయం. దానికి లొంగకపోతే మా వీధి చివర డాక్టరుగారి సూది. సూదికీ లొంగకపోతే పసుపుగుడ్డలో ముడుపు కట్టి ఏడుకొండలవాడి మీద భారం వేయడం. మాకు తెలిసిన ఆరోగ్యబీమా అంతా ఇదే. ఇందులో ఫారాలు లేవు, ఫోటోలు లేవు, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో షరతులూ లేవు. ఇంత అనాగరికమైన పద్ధతిలో ముప్పై ఏళ్ళు బతికేసి, ఆ తర్వాత నేను ఆఫ్రికాలో ఒక దేశానికి లెక్కల మాస్టరుగా వెళ్ళాను. (ఏ దేశమని అడగొద్దు. వాళ్ళు నాకు అన్నం పెట్టారు, నేను వాళ్ళను బజారున పెట్టడం బాగుండదు.)

అక్కడి ప్రైవేటు బడిలో చేరిన మొదటిరోజే హెడ్మాస్టరు నా చేతిలో మూడు రంగుల పుస్తకాలు పెట్టి, వీటిలో ఏదో ఒక ఇన్సూరెన్సు నువ్వే ఎంచుకో, నీ ఆస్పత్రితో బడికి సంబంధం లేదు అన్నాడు. లెక్కల మాస్టరును గదా, నేను చాలా శాస్త్రీయంగా ఎంచుకున్నాను. మూడింటిలో చవకైనదాని అట్టమీద హెలికాప్టరు బొమ్మ ఉంది. మంచుకొండల్లో జారిపడి కాలు విరిగితే ఆ హెలికాప్టరు వచ్చి ఎత్తుకుపోతుందట. అది నాకు బాగా నచ్చింది. నేనున్న ఊళ్ళో మంచు అనేది కూల్‌డ్రింకు షాపు ఫ్రిజ్జులో తప్ప ఎక్కడా దొరకదనే సంగతి సంతకం పెట్టేటప్పుడు తోచలేదు. నాలుగో నెలలో నాకు మలేరియా వచ్చింది. కంపెనీవాళ్ళు ఎంతో మర్యాదగా ఉత్తరం రాశారు. మీకు జ్వరం వచ్చినందుకు విచారిస్తున్నాం, కానీ మొదటి ఆరు నెలల్లో దోమకాటు జ్వరాలు మా పరిధిలోకి రావు అని. దోమకు ఆ ఆరు నెలల సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

రెండు వారాలు మంచం మీద ఒణికాను. పక్కింటి వాచ్‌మన్ మొక్కజొన్న గంజి కాచి ఇస్తే అదే అమృతం. సెల్‌ఫోన్లు రాని కాలం కాబట్టి ఇంటికి ఫోనంటే మా వీధిలో ఎస్‌టీడీ బూతే. వారం వారం అక్కడ కాచుకుని ఉండే నా భార్యకు నా ఫోను రాకపోగా, తోటి మాస్టరు చేసి సంగతి చెప్పాడు. ఆమె మా మేనమామ కూతురే. చిన్నప్పటినుంచీ నన్ను ఎరిగిన మనిషి కాబట్టి నా తెలివితేటల మీద ఆమెకు భ్రమలేమీ లేవు. బూతులోంచి బయటికొచ్చి, కొండవైపు తిరిగి దండం పెట్టుకుని, మనిషి లేచి తిరిగితే ముగ్గురం తలనీలాలు ఇస్తామని మొక్కేసింది. ముగ్గురంటే ఆమె, మా మూడేళ్ళ పాప, నేను. (నా తల నాదే అయినా నన్నొక మాట అడగలేదు.) ఆమె ఎంచుకున్న ఆ ప్లానులో ఆరు నెలల షరతు లేదేమో, నాలుగో రోజుకు జ్వరం దిగింది.

సెలవులకు ఇంటికొచ్చిన రోజే ఆమె తేల్చి చెప్పింది. "బావా, ఈసారి నువ్వొక్కడివే పోయేదానికి లేదు. జ్వరమొస్తే నీళ్ళిచ్చేదానికి మనిషి గావల్ల." నాకూ అదే కావాలి. ఆ గంజి రోజుల తర్వాత ఒంటరిగా ఆ గదిలో పడుకోవడమంటేనే నాకు భయంగా ఉండేది, పైకి చెప్పుకోలేదు గానీ. బడివాళ్ళు సరేనన్నారు, ఒక్క షరతు మీద. భార్యాబిడ్డలు రావాలంటే ముగ్గురికీ కలిపి ఫ్యామిలీ ఇన్సూరెన్సు ఉండాలి. అది లేకుంటే వాళ్ళిద్దరికీ పర్మిట్ రాదు. ఫారం నింపి ఫోటోలతో పంపాలి, కంపెనీ ఒప్పుకున్న కాయితం మా ప్రయాణం లోపల రావాలి. నెలా పదిహేను రోజుల గడువు. చాలదా?

చాలేదే, మా ఇంట్లో ఇద్దరు నిపుణులు లేకపోయుంటే. ఒకరు మా మామ, అంటే నా భార్య తండ్రి. ఆయన జీవితబీమా ఏజెంటు. పెళ్ళికి పోయినా చావుకు పోయినా సంచిలో ఫారాలు పెట్టుకుని పోయే మనిషి కాబట్టి ఊరంతా ఆయన్ను పాలసీ మామ అనేది. తన సొంత అల్లుడు పరాయి కంపెనీ దగ్గర పాలసీ తీసుకుంటున్నాడన్న బాధను దిగమింగి, సలహాలిచ్చేందుకు పొద్దున్నే టిఫినుకు వచ్చి కూర్చునేవాడు. రెండో నిపుణుడు మా నాయన. బంగారుపాళ్యం దగ్గర మామిడితోట, జీవితమంతా మండీల్లో దళారులతో కొట్లాట. ఇంగ్లీషు రాదు. నేను అక్కడినుంచి తెచ్చిన మూడు పుస్తకాలూ ముందర పరిచి, అట్టమీది బొమ్మలు చూపించి, మొదటి పేజీ నుంచి అర్థం చెప్పబోతే ఆపేశాడు.

"పైకాయలు జూపించి బుట్ట అమ్మేది నాకు తెలవదా అబ్బోడా? అడుగు యాడుందో ఆడ సదువు."

బుట్ట అడుగంటే కడపటి పేజీలు. ఏమేమి ఇవ్వరో రాసేది అక్కడే. మండీలో బుట్ట లోపలికి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి కుళ్ళుకాయ పట్టుకున్నట్టు, నాయన ఒక్కొక్క లైనూ చదివించి, ఇది కుళ్ళు, ఇది దోర, ఇది పరవాలేదు అని వేళ్ళు మడిచాడు. హెలికాప్టరు పుస్తకం అరగంటలో పక్కకు పోయింది. రెండోది కాన్పులకు ఇస్తుంది గానీ జ్వరాలకు ఇవ్వదు. మూడోదానిలో దోమలున్నాయి, పాములున్నాయి, పసిబిడ్డల విరేచనాలున్నాయి. హెలికాప్టరు లేదు. డిగ్రీలో ఫస్టుక్లాసు తెచ్చుకున్న నేను బొమ్మ చూసి మోసపోయిన చోట, నాలుగో తరగతి చదివిన ఆయన గంటన్నరలో సరైన ప్లాను తీసి నా చేతిలో పెట్టాడు. మామకు ఇది కొంచెం కష్టంగా తోచింది, ఇంకో దోసె వేయించుకున్నాడు.

ఇక మిగిలింది ఫోటోలూ సంతకమూ. ఇక్కడే మా బుద్ధి వికసించింది. మా ఇద్దరివీ పెళ్ళప్పటి ఫోటోలు, పాపది పుట్టినరోజు ఫోటో అంటించి పంపేద్దామని నేనన్నాను. మామ ఒప్పుకోలేదు. "ఎన్ని పాలసీలు జేసినాను అల్లుడా, నాకు జెప్తావా? కొత్త ఫోటో అంటే ఈ పొద్దు నువ్వెట్లుండావో అట్లే ఉండాల. లేకుంటే రేపు క్లెయిము కాడ మనిషి మారినాడంటారు." సరే, స్టూడియోకు పోదామంటే నా భార్య ఒప్పుకోలేదు. స్వామికి ఇవ్వాల్సింది ఇవ్వకుండా ఆస్పత్రి కాయితం మీద సంతకం చేస్తే మళ్ళీ మంచమెక్కుతావు, ముందు కొండకు పోదాం అంది. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. బ్రాకెట్లలో ఉన్నది ముందు చేయాలని పదేళ్ళుగా పిల్లల చెవులు మెలిపెట్టి చెప్పినవాణ్ణి, ఇక్కడ ఏది ముందో ఏది వెనకో ఒక్క నిమిషం ఆలోచించలేదు. బస్సెక్కి తిరుపతి, అక్కడినుంచి ఘాట్‌రోడ్డు బస్సులో తిరుమల. దారి పొడుగునా నా భార్య జడ మీద జోకులు వేస్తూనే ఉన్నాను. నడుము దాటిన జడ ఆమెది, వారానికోసారి కుంకుడురసంతో తలంటుకునేటప్పుడు మా అమ్మ చెంబు పట్టుకుని సాయం చేసేది. కల్యాణకట్టలో వరుసగా కూర్చుని ముగ్గురం తలలు వంచాం. దర్శనం చేసుకుని, గంధం పూసుకుని, మరుసటి పొద్దున చిత్తూరులో బస్సు దిగి నేరుగా స్టూడియోకు పోయాం. గంధం కడుక్కోమని స్టూడియోవాడు కూడా చెప్పలేదు. మా ఊళ్ళో అది ఎవరికీ వింత కాదు.

ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. పసుపుపచ్చ రంగులో మూడు గుండ్లు, పెద్దదీ మధ్యదీ చిన్నదీ. వాటిని అంటించి, జబ్బులు రాసే గడిలో నిజాయితీగా మలేరియా అని రాసి పంపించాను. రెండు వారాలకు ఎస్‌టీడీ బూతుకు ఫ్యాక్సు వచ్చింది. బూతు ఆయన ముందే చదివేసి, పాపం అన్నట్టు చూస్తూ నా చేతిలో పెట్టాడు. మీ ముగ్గురి ఫోటోలూ మా వైద్యవిభాగం పరిశీలించింది, కుటుంబమంతా జుట్టు కోల్పోయి చర్మం పచ్చబారి ఉన్నట్టు గమనించాం, మీరు ఫారంలో దాచిన ఈ వ్యాధి ఏది, ముగ్గురూ ఏ ఆస్పత్రిలో ఏ చికిత్స పొందుతున్నారు, ఒక్కొక్కరికి జుట్టు పోవడానికి కారణం విడివిడిగా రాయండి, అంతవరకూ దరఖాస్తు ఆపుతున్నాం అని దాని సారాంశం. మామ ఆ కాయితం రెండుసార్లు చదివి, ముగ్గురికీ విగ్గులు పెట్టి మళ్ళీ ఫోటో తీయిద్దామన్నాడు. కొత్త ఫోటో అంటే ఈ పొద్దు ఎట్లుండావో అట్లే అని చెప్పిన మనిషే.

నాకు ఇంగ్లీషు వచ్చునన్న గర్వం అప్పటికి ఇంకా పోలేదు. పెరట్లో కుర్చీ వేసుకుని ఎనిమిది పేజీల జవాబు మొదలుపెట్టాను. కొండలెన్ని, స్వామి ఎవరు, తలనీలాలంటే ఏమి, అంతా రాశాను. కడపట మూడు గళ్ళు గీసి ఒక్కొక్కరి కారణం రాయాలి. పాప గడిలో, తల్లి మొక్కు అని రాశాను. నా గడిలో, భార్య మొక్కు అని రాశాను. ఆమె గడి దగ్గర కలం ఆగిపోయింది. కారణం: భర్తకు జ్వరం. అంతే గదా నిజం. నేను హెలికాప్టరు బొమ్మ చూసి సంతకం పెడితే, దానికి ఈమె జడ పోయింది. కొండకు పోయేటప్పుడు బస్సులో ఎన్ని జోకులు వేశానో అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కాఫీ తెచ్చి, గుండు మీది కొంగు సర్దుకుంటూ, ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను.

"మళ్ళా వస్తాది గదా బావా. దానికి పోయి ఇంత రాయల్నా?" అంది.

రాసి పంపాను. జవాబు మాత్రం తొందరగానే వచ్చింది. మీ మతవిశ్వాసాలను గౌరవిస్తున్నాం, అయినా వైద్యుడి ధ్రువపత్రం లేనిదే ముందుకు పోలేం అని. ప్రయాణం అప్పటికి తొమ్మిది రోజుల్లోకి వచ్చింది. నా టిక్కెట్టు చేతిలో ఉంది, వాళ్ళిద్దరివి ట్రావెల్సువాడి దగ్గర ఉన్నాయి. పాప అప్పటికే వీధిలో అందరికీ ఏనుగుల్ని చూసేదానికి పోతున్నానని చెప్పేసి ఉంది. నా భార్య సర్దిన రెండు పెట్టెల్లోంచి నా బట్టలు తీసి వేరే పెట్టెలో పెట్టడం మొదలుపెట్టింది. మామ ఆ రోజు టిఫిను తినలేదు. అది చూసి నాకు నిజంగానే భయం వేసింది.

ముగ్గురమూ వీధి చివర డాక్టరుగారి దగ్గరికి పోయాం. పాపను చూడగానే అలవాటుగా సూది తీశాడు. సంగతి చెబితే పక్కన పెట్టాడు. నా ఎనిమిది పేజీల నకలు చదవమంటే ఒక పేజీ చూసి తిరిగిచ్చాడు. "ఇంత రాసినావు కాబట్టే వాళ్ళకు అనుమానం వచ్చిండాది. నిజం ఇంత పొడుగుండదప్పా," అన్నాడు. మా గుండ్లు తడిమి, కళ్ళరెప్పలు దించి చూసి, నాలుకలు చాపించి, తన చీటీ మీద ఇంగ్లీషులో నాలుగే లైన్లు రాశాడు. ముగ్గురినీ పరీక్షించాను, ఆరోగ్యంగా ఉన్నారు. జుట్టు లేకపోవడానికి కారణం: మంగలికత్తి. పసుపుకు కారణం: గంధం. చికిత్స అక్కర్లేదు, మూడు నెలల్లో పూర్తిగా కోలుకుంటారు. కింద సంతకం, ముద్ర.

ఆ చీటీ ఫ్యాక్సులో పోయిన మూడో రోజే పాలసీ మంజూరైంది. అయితే కంపెనీ అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. అడుగున మా ముగ్గురి పేర్లమీదా ప్రత్యేకంగా ఒక షరతు టైపు చేసి పంపింది. జుట్టుకు సంబంధించిన ఏ నష్టానికీ, ఏ చికిత్సకూ ఈ పాలసీ వర్తించదు అని. నాయన ఆ లైనుకు అర్థం చెప్పించుకుని, ఇది ఒక్కటే కుళ్ళు, పోతే పోనీ అన్నాడు. ఆఫ్రికాలో విమానం దిగినాక, కౌంటరు దగ్గర ఆఫీసరు ఇన్సూరెన్సు కార్డుల మీది మూడు గుండ్లనూ, ఎదురుగా అప్పుడే మొలకలేస్తున్న మూడు గుండ్లనూ మార్చి మార్చి చూసుకుని, నవ్వి ముద్ర కొట్టాడు. కనీసం ఆ విషయంలో మామ సలహా పనికొచ్చింది. నాలుగేళ్ళున్నాం అక్కడ. నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ కార్డు ఆస్పత్రిలో చూపించే పని పడలేదు. ఆ ఘనత తన ప్లానుదే అని నా భార్య, తను ఎంచిన ప్లానుదని నాయన చాలాకాలం వాదించుకున్నారు.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడ్డాయి. ఆ రోజుల్లో ముప్పై ఏళ్ళకే లోకమంతా తెలుసనుకుని బొమ్మలు చూసి సంతకాలు పెట్టిన ఆ మాస్టరును తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. ఆమె జడ మళ్ళీ వచ్చింది గానీ మొదటంత పొడుగు రాలేదు. ఆ మాట ఆమె ఏనాడూ అనలేదు, నేనే అప్పుడప్పుడు కంటితో కొలుస్తుంటాను. నాకైతే మొక్కు అవసరం లేకుండానే నడినెత్తి కల్యాణకట్టలో కూర్చుని వచ్చినట్టు తయారైంది. మొన్నొక పొద్దున అద్దం ముందు నిలబడి, దువ్వెన ఎక్కడ పెట్టావని కేకేశాను.

"దేనికి బావా? జుట్టుకు పూచీ లేదని ఆ పొద్దే రాసిచ్చినారు గదా," అని వంటింట్లోంచే అంది.

దువ్వెన నా జేబులోనే ఉంది. తీసుకెళ్ళి ఆమె చేతికే ఇచ్చాను.