చివరి బాక్సు దగ్గర తువ్వాలు

పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున, బెంగళూరులో నా గదిలో గిటారుకు తీగలు మార్చుకుంటూ ఉంటే అమ్మ ఫోన్ చేసింది. "పుంగనూరు మైకుసెట్టు అన్న పోయినాడు పాపా. కాఫీ తాగి మంచం మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిపోయినాడంట" అంది. నేను చేతిలో ఉన్న తీగ బిగించడం పూర్తి చేసి, అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో తెలియదు. పని సగంలో వదిలితే ఆయన తిట్టేవాడు. బహుశా అందుకే.

అప్పటికి ఆయనతో నేను మాట్లాడి ఎనిమిది నెలలైంది. తప్పు నాదే. ఆ సంగతి దాచిపెట్టి ఆయన్ని పొగడటం నాకు చేతకాదు కాబట్టి, అది కూడా ఇక్కడే చెబుతాను.

మా అమ్మ పుట్టిల్లు పుంగనూరు. ఆయన దుకాణం మా అమ్మమ్మ వాళ్ళ వీధి మలుపులో ఉండేది. అమ్మ ఆయన్ని అన్నా అనేది కాబట్టి నాకు మామ. పెళ్ళికీ, జాతరకీ, బడిలో వార్షికోత్సవానికీ, ఎలక్షన్ ఆటోకీ అన్నిటికీ ఆయన మైకే. దుకాణం నిండా స్పీకరు బాక్సులు, హారన్లు, చుట్టలుగా వేలాడే వైర్లు. వైరును మోచేతికేసి చుట్టబోతే ఊరుకునేవాడు కాదు. "లోపల తీగ మెలిపడతాది. నొప్పి బయటికి కనపడదు, అంతే" అని తన చేతిలోకి తీసుకుని, మెల్లగా, దాని ఒంపును బట్టి చుట్టేవాడు. నేను ఇప్పటికీ అలాగే చుడతాను. స్టేజీల మీద కుర్రాళ్ళు నా ఆలస్యం చూసి విసుక్కుంటారు.

మైకు పరీక్షకు అందరూ "హలో హలో" అంటారు. ఆయన బస్సు కండక్టరులా ఊళ్ళ పేర్లు పిలిచేవాడు. "పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం." ఆ చివరి ఊరు మాత్రం రెండు మూడుసార్లు. పెదాలు మూసి తెరిచే మాట వస్తే మైకులో గాలి కొడుతుంది. కుప్పం శుభ్రంగా పలికిందంటే ఇక ఏ పాటైనా పలుకుతుందని ఆయన నమ్మకం. రామసముద్రం దగ్గర ఒక పెళ్ళిలో ఈ పిలుపు విని ఒక ముసలాయన సంచి భుజానికేసుకుని లేచి, "బస్సు యాడ నిలబడి ఉండాదప్పా?" అని అడిగాడట. ఈ కథ ఆయన నాకు పదిసార్లయినా చెప్పి ఉంటాడు. ముసలాయన సంచిలో ఏముందో మాత్రం ప్రతిసారీ మారిపోయేది.

పరీక్ష అయ్యాక మెషిన్ దగ్గర కూర్చునేవాడు కాదు. మైకులో మాట్లాడుతూ ఉండమని పనివాడికి చెప్పి, భుజాన తువ్వాలుతో జనం మధ్యగా నడిచి, చివరి బాక్సు దాకా పోయి నిలబడేవాడు. అక్కడికి మాట చేరితే తువ్వాలు తీసి ఆ బాక్సు స్టాండు మీద వేసేవాడు. మొదలుపెట్టవచ్చని అదే సైగ. తువ్వాలు పడందే ఎంతటి లీడరైనా గొంతు సవరించుకుంటూ నిలబడాల్సిందే. "సద్దు ఎట్లయినా పోతాది. మాట పోయిందా లేదా అని సూడాల" అనేవాడు.

మా ఇల్లు మదనపల్లెలో. నాకు పదిహేనేళ్ళప్పుడు మేం నలుగురం అక్కడ బ్యాండు పెట్టాం. నేను, నా క్లాసు అమ్మాయి, ట్యూషన్లో పరిచయమైన ఇద్దరు అబ్బాయిలు. పాటలు నేనే రాసేదాన్ని. సినిమా పాటలు ఎవరు బతిమాలినా పాడకూడదని ఒట్టు పెట్టుకున్నాం. నిజానికి ఎవరూ బతిమాలలేదు. మొదటి పాట మా అమ్మ గురించి. అమ్మ టమోటా మండీలో కాయలు ఏరే పని చేస్తుంది. వేలం ముగిసి మండీ ఖాళీ అయ్యాక, రేకుల షెడ్డులో క్రేట్ల మధ్య నిలబడి ఫోన్లో రికార్డు చేశాం. గొంతు గుమ్మని మోగింది. స్టూడియో అంటే ఇదే కదా అనుకున్నాం. నెట్‌లో పెట్టి, గర్వంగా పుంగనూరు పోయి మామకు వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుండాది. పాడింది నువ్వా, షెడ్డా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అమ్మకు వినిపిస్తే, "యేందో టమోటా అన్నట్టు ఇనపడింది" అంది. ఆమె గురించి రాసిన పాటలో ఆమెకు అందింది ఆ ఒక్క మాట.

మరుసటి సెలవుల్లో నేనే సిగ్గు విడిచి ఆయన దుకాణానికి పోయాను. వెనక గదిలో గొంతు మోగకుండా పాత బొంతలు వేలాడదీసి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. నాది చిన్న గొంతు. ఆ లోపం తెలియకూడదని అరిచి పాడేదాన్ని. "అరవబాక పాపా. మైకంటే నీ పక్కన కూసోనుండే మనిషి. పక్కనోళ్ళకి ఎవురన్నా అరిసి సెప్తారా?" అన్నాడు. ఆ మాట మీదే ఇన్నేళ్ళుగా తింటున్నాను.

పదిహేడేళ్ళప్పుడు కుప్పంలో ఒక కాలేజీ ఉత్సవానికి మా బ్యాండును పిలిచారు. మైకుసెట్టు మామదే. తీరా ఆ రోజుకు ఒకడు కోచింగు పరీక్షన్నాడు, ఇంకొకణ్ణి వాళ్ళ నాన్న పంపలేదు, నా స్నేహితురాలికి జ్వరం. నేనూ అమ్మా గిటారు పట్టుకుని బస్సు దిగాం. పాడనని చెప్పేసి వెనక్కి పోదామనుకున్నాను. ఆ మాటే మామతో అంటే, బాక్సులు దించుతూ అడిగాడు.

"యాల? రాసింది ఎవురు?"

"నేనే."

"పాడేది?"

"నేనే."

"మరి వాళ్ళు రాలేదని పాటకు తెలుసునా?"

దించిన బాక్సుల్లో సగం మళ్ళీ వ్యానెక్కించేశాడు. ఒక్క గొంతుకు అన్ని అక్కర్లేదన్నాడు. తరువాత మైకులో నా చేత కుప్పం అనిపించాడు. కుప్పంలోనే నిలబడి కుప్పం, కుప్పం అంటుంటే పిల్లలు ఈలలు వేశారు. నాలుగోసారికి తువ్వాలు స్టాండు మీద పడింది. అమ్మ పాట అందుకున్నాను.

"పండినవి ఈ గంప, పచ్చివి ఆ గంప, ఏ గంపలో వేసిందో మా అమ్మ తన పొద్దు."

ముందు వరసల్లో చాలామంది ఫోన్లు చూసుకుంటూనే ఉన్నారు. వెనక, మామ నిలబడిన వైపు మాత్రం మాటలు ఆగిపోయాయి. అయిపోయాక ఎవరో ఇంకొకటి పాడమన్నారు. కిందికి దిగితే అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఇప్పుడు తెలిసింది. ఊరందరి ముందర నా సంగతే సెప్పుకుంటా ఉండావు" అంది. బ్యాండు ఆ తరువాత కొట్లాట ఏమీ లేకుండానే ఆగిపోయింది. నేను ఒక్కదాన్నే పాడుతూ వచ్చాను. చిన్న హాళ్ళు, కాఫీ షాపులు, ఆపైన బెంగళూరు, వేరే ఊళ్ళు. ఇప్పుడు నా పాటలే నాకు అన్నం పెడుతున్నాయి.

ఇక ఎనిమిది నెలల కిందటి సంగతి. మదనపల్లెలో నా కార్యక్రమం పెట్టారు. నిర్వాహకులు సౌండు బెంగళూరు నుంచే తెచ్చుకున్నారు. మా మామ ఉన్నాడని ఒక్కమాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. వాళ్ళ ముందు హారన్ల దుకాణం పేరెత్తడానికి నామోషీ అనిపించింది. ఆయన మాత్రం అత్తను వెంటబెట్టుకుని బస్సులో వచ్చి, తనది కాని చివరి బాక్సు పక్కన నిలబడ్డాడు. అలవాటుగా అటు చూశాను. అమ్మ పాటకు తువ్వాలు స్టాండు మీద పడింది. రెండోది కొత్త పాట, నేను రాసినవాటిలో అన్నిటికంటే మెల్లగా సాగేది. సగంలో ఆయన తువ్వాలు తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ఆ తరువాత నేను ఏం పాడానో నాకే తెలియదు.

అయ్యాక వెనక్కి వచ్చి, అందరి ముందూ, "రెండో పాటలో మాట ఇనపడలే పాపా" అన్నాడు.

"ఇవి నీ హారన్లు కాదు మామా. అందరికీ వినపడింది" అన్నాను.

"అట్నా" అన్నాడు. తువ్వాలు సర్దుకుని, "సరేమ్మా, బస్సుకు టైమయింది" అని పోయాడు. ఇంటికొచ్చి ఆ రోజు రికార్డింగు రెండుసార్లు విన్నాను. ప్రతి మాటా వినపడుతోంది. పని ఇప్పించలేదని సాధిస్తున్నాడని తీర్మానించుకున్నాను. ఆ వారంలో ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను. చేయలేదు.

చావు కబురు తెలిసిన రోజు పుంగనూరు చేరేసరికి అంతా అయిపోయింది. అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తిడుతుందనుకున్నాను.

"ఆయప్పకు రెండేండ్లుగా కుడిసెవి పన్జేయదమ్మా. ఎడమదీ తగ్గిపోతా వచ్చె. మైకుసెట్టోనికి సెవుడంటే ఎవురు పిలుస్తారని ఎవురికీ సెప్పనియ్యలే. మొదటి పాట ఆయన ఎరిగిందే కదా, గిటారు మోతను బట్టి పోల్చుకున్నాడు. రెండోది కొత్తది. బస్సులో నేను సెప్పినా, నాకు మాట మాటా ఇనపడిందయ్యా అని. ఆమీట అన్నాడు, 'అయితే పాప మాట పోలేదు, నా సెవి పోయింది. ఆ బిడ్డను ఊరికే నొప్పించినా' అని. అది సెప్పుకునేదానికే నీకు ఫోన్ జేసింది."

నేను ఏడ్చాను. సిగ్గుతోనే ఎక్కువ ఏడ్చాను. నా మాట ఆయన దాకా చేరలేదని ఆయన బాధపడుతూ ఉంటే, ఆయన మాటను నా దాకా రానివ్వని దాన్ని నేను.

పదకొండో రోజు కర్మకు వీధిలో షామియానా వేశారు. మైకుసెట్టు ఆయనదే. ఆయన దగ్గర చాలాకాలంగా పనిచేసే మనిషి వైర్లు లాగాడు. భోజనాలయ్యాక అత్త, "ఆయప్ప ఇనని పాట పాడమ్మా" అంది. మైకు ముందుకు పోయి, ఎవరూ చెప్పకుండానే పిలిచాను. "పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం." చివరి పేరు దగ్గర గాలి కొట్టింది. మైకు కాస్త జరిపి మళ్ళీ అన్నాను. "కుప్పం." ఈసారి ఎవరూ ఈలలు వేయలేదు.

అత్త లేచి, కుర్చీల మధ్యగా మెల్లగా నడిచి, చివరి బాక్సు దగ్గరికి పోయింది. తల కొంచెం వంచి విన్నది. మరోసారి అనమని చెయ్యి ఊపింది. అన్నాను. అప్పుడు చంకలో ఉన్న ఆయన తువ్వాలు తీసి, దులిపి, స్టాండు మీద వేసింది.

నేను ఆ రెండో పాట మొదలుపెట్టాను.