ఎవరూ పడిపోని కవాతు

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తన గురించి ఎంత గొప్ప అభిప్రాయం ఉంటుందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో నేను బ్రిటన్ సైన్యంలో కొత్త సిపాయిని. మా ఊరు స్విండన్‌లో మా తెలుగు చర్చివాళ్ల పిల్లలంతా కంప్యూటర్ల ముందు కూర్చుంటుంటే, నేనొక్కడినే బూట్లు పాలిష్ చేసుకుంటున్నానని అందరూ మా అమ్మను ఓదార్చేవారు. (ఓదార్చడమంటే మావాళ్లకు బిరియానీ కంటే ఇష్టం.) అందుకే రాణిగారి పుట్టినరోజు కవాతుకు నా పేరు వచ్చిందని ఫోన్ చేయగానే అమ్మ, "అట్టా నోటితో చెబితే ఎవరు నమ్ముతార్రా? ఉత్తరం రాయి. ప్రార్థన కూటంలో చదివిస్తా" అంది.

రాశాను. ఎర్రకోటు గురించీ, కళ్ల మీదికి దిగే బొచ్చుటోపీ గురించీ ఒక పేజీ నింపాను. చివర్లో నిజం కూడా రాశాను: "నేను వరసలో ఉండనమ్మా. గోడ వెనక సిద్ధంగా ఉంటాను. ఎండకు కుర్రాళ్లు కళ్లు తిరిగి పడిపోతుంటారు. ఎవడైనా పడితే వాడి చోట్లోకి నేను వెళతాను." ఏటా ఒకడైనా పడతాడని మా సార్జెంటు భరోసా ఇచ్చాడు కాబట్టి నాకేమీ దిగులు లేదు.

ఉత్తరంలో అమ్మకు రాణిగారూ కనబడలేదు, ఎర్రకోటూ కనబడలేదు. పడిపోవడం ఒక్కటే కనబడింది. తను పనిచేసే వృద్ధుల కేర్‌హోమ్‌లో డ్యూటీ మార్పించుకుని మరీ, ఒక్క సిపాయి కూడా పడిపోకూడదని చర్చివాళ్లందరి చేతా ఉపవాస ప్రార్థన చేయించింది.

ఆ రోజు ఎండ మండిపోయింది. నేను గోడ వెనక చెవులు రిక్కించి, దబ్బుమనే చప్పుడు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. (నేనూ ప్రార్థించాను. ఆ వివరాలు దేవుడికీ నాకూ మధ్యనే ఉండనివ్వండి.) బాండు ఆగింది, రాణిగారు వెళ్లిపోయారు, ఒక్కడంటే ఒక్కడు పడలేదు. "నా సర్వీసులో ఇలాంటి వింత చూడలేదు" అని సార్జెంటు తల గోక్కున్నాడు.

సాయంత్రం ఫోన్ తీస్తే చర్చి గ్రూపు నిండా నేనే. నన్ను టీవీలో అందరూ చూశారట! రెండో వరసలో చివరివాడినని ఒక ఆంటీ, కాదు, జెండా పక్కవాడినని ఒక అంకుల్. "ఆ గడ్డం అచ్చం వాళ్ల నాన్నదే" అని ఇంకొకరి సాక్ష్యం. (ఆ టోపీ పెట్టాక ఎవడికైనా బయట మిగిలేది గడ్డమే కదా.)

నాకు ఒళ్లు మండి అమ్మకు ఫోన్ చేశాను. "నేనసలు మైదానంలో కాలే పెట్టలేదు. నీ ప్రార్థనే నా కొంప ముంచింది. ఒక్కడు పడుంటే నువ్వు నన్ను చూసుండేదానివి!"

"తెలుసులేరా, రాశావుగా" అంది. "వాళ్లకూ చెప్పా. వినలా. అయినా నా కొడుకు కనబడాలని ఇంకో తల్లి కొడుకు పడిపోవాలా? ఆమె కూడా టీవీ ముందే కూర్చుని ఉంటది గదా."

మళ్లీ ఆ కవాతుకు నా పేరు రాలేదు. కొన్నేళ్లకు సైన్యం వదిలేశాను.

ఇప్పుడు టీవీలో ఆ కవాతు వచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ రాజుగారిని చూస్తారు. నేను కుర్రాళ్ల మోకాళ్లు చూస్తాను. ఎవడైనా కాస్త తూలినట్టనిపిస్తే, "నిలబడు నాయనా, నిలబడు" అని పైకే అనేస్తాను. గోడ వెనక చెవులు రిక్కించుకుని ఉన్న కుర్రాడు నన్ను క్షమించాలి.