గంట మోగినా లేవనివాళ్లు

మధ్యాహ్నం గంట మోగితే తినేవాళ్లు లేచి వెళ్లేవారు. ఉపవాసం ఉన్నవాళ్లు మిషన్ల ముందే ఉండిపోయేవారు. "తినేది లేనప్పుడు విరామం దేనికి?" అని సూపర్‌వైజర్ ములుకెన్ ఎప్పుడో అన్న మాట, ఇథియోపియాలోని ఆ కొంబోల్చా బట్టల ఫ్యాక్టరీలో చట్టమై కూర్చుంది. అక్కడ కుట్టుపని చేసే ఎటగెన్ ఎదురు చెప్పలేదు. ఈస్టర్ ముందటి పెద్ద ఉపవాసం వచ్చిన ప్రతి ఏడూ తల వంచుకుని ప్యాంట్ల అంచులు కుట్టింది. కోపం రాలేదు. ఏమీ రాలేదు.

ఈ ఏడు క్రైస్తవుల పెద్ద ఉపవాసం, ముస్లింల రంజాన్ ఒక్కసారే వచ్చిపడ్డాయి. లైన్‌లో దాదాపు ఎవరూ లేవడం లేదు. ఎటగెన్ పక్క మిషన్ తొయిబా అనే ముస్లిం అమ్మాయిది.

"మీకేం అక్కా, మూడింటికల్లా ఉపవాసం విడిచేస్తారు" అంది తొయిబా.

"విడిస్తే ఏముంది, ఉత్త పప్పు. పాలు లేవు, వెన్న లేదు. నువ్వు పొద్దుగుంకగానే మాంసం సమోసాలు లాగిస్తావు."

"అందాకా గొంతులో చుక్క పడదుగా."

"నాకు మాత్రం మూడింటికి పడుతోందా? షిఫ్టు అయ్యేదాకా నీ పక్కనే కదా ఏడుస్తున్నాను."

చేతులు ఆపకుండానే ఇద్దరూ నవ్వారు.

ఆ వారంలోనే, గంట మోగిన కాసేపటికి, తొయిబా తల మిషన్ మీదికి వాలిపోయింది. సూది కుడిచేతి చూపుడు వేలి గోట్లోంచి దిగింది. ఎటగెన్ ఆమెను నేల మీద పడుకోబెట్టి, అందిన సీసా తీసి నోట్లో నీళ్లు పోసింది. గుటక పడ్డాక తొయిబా కళ్లు తెరిచింది. వేలి వంక చూసుకోలేదు.

"ఎండ ఉండగానే తాగించేశావా అక్కా?"

"తోచలేదే. చెయ్యి దానంతటదే పోసేసింది."

"పోన్లే. నెల అయ్యాక ఇంకో రోజు ఉంటాను. మీలో ఉపవాసం తప్పితే ఏం చేస్తారు?"

"మా ఫాదరుకి చెప్పుకోవాలి. సాష్టాంగాలు పెట్టమంటాడు."

"అయితే నా నీళ్ల సంగతి కూడా నువ్వే చెప్పుకో."

ములుకెన్ వచ్చి రక్తం పడ్డ ప్యాంటును పట్టుకు చూశాడు. "నువ్వింక రానక్కర్లేదు" అన్నాడు తొయిబాతో.

సాయంత్రం పొద్దుగుంకాక ఎటగెన్ ఇంజెరా రొట్టె, నూనెతో చేసిన శనగపిండి కూర పట్టుకుని తొయిబా గదికి వెళ్లింది. అక్కడ ఒక మతంవాళ్లు కోసిన మాంసం మరో మతంవాళ్లు ముట్టరు. పండగ వస్తే వాళ్లవి రెండు పళ్లాలు. ఒకే పళ్లెంలో చేతులు పెట్టేది ఈ ఉపవాసపు కూడు దగ్గరే. కట్టు కట్టిన చేత్తో తొయిబా తుంచుకోలేకపోతుంటే ఎటగెన్ ముద్దలు చుట్టి నోట్లో పెట్టింది.

"రేపు నా మిషన్ మీద ఎవరు కూర్చుంటారు?" అంది తొయిబా నములుతూ.

ఎటగెన్ మరో ముద్ద చుట్టింది.

మర్నాడు గంట మోగగానే ఎటగెన్ మిషన్ ఆపేసి లేచింది.

"ఎక్కడికి? తినేది లేదుగా" అన్నాడు ములుకెన్.

"తినడానికి కాదు సారూ. కూర్చోడానికి."

ఆ గొంతులో ధైర్యం లేదు, బెదురూ లేదు. బయటికి వెళ్లి గోడకు చేరగిలబడింది. లోపల మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. క్రైస్తవులు, ముస్లింలు వచ్చి పక్కన కూర్చున్నారు. ఎవరూ ఏమీ తినలేదు. ములుకెన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"తొయిబా మిషన్ మీద ఎవర్నీ కూర్చోబెట్టకండి సారూ. వేలు మానాక వస్తుంది" అంది ఎటగెన్.

అతను వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ లైన్‌లో గంట మోగితే అందరూ లేస్తున్నారు. తొయిబా మిషన్ ఖాళీగానే ఉంది. ఆమెకు ఇంకా పిలుపు రాలేదు.

మీరు పనిచేసే చోటా రంజాన్ వస్తుంది, క్రైస్తవుల శ్రమల దినాలూ వస్తాయి. మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూడండి. పస్తున్న మనిషి ఇంకా పని దగ్గరే ఉంటే, మీ క్యారియర్ పక్కన పెట్టి యజమాని దగ్గరికి వెళ్లండి. ఆ విరామం వాళ్లకూ ఇమ్మని అడగండి. ఇచ్చేదాకా మీరూ తినకండి.