ల్యాప్‌టాప్‌కి రెండు తూములు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, విజయవాడలోని ఒక కాలువల డివిజన్‌కి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా ఉన్నాను. డ్రాయింగ్ బ్రాంచికి ల్యాప్‌టాప్‌లు కొనడానికి వేసిన కమిటీకి నన్నే అధ్యక్షుణ్ణి చేశారు. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది అంతంతమాత్రం. అది ఒప్పుకునే రకాన్ని కాదు కాబట్టి స్పెసిఫికేషన్ కూడా నేనే రాశాను.

మా పని తెలియనివారికి ఒక మాట. డెల్టా కాలువలు వేసవిలో కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేలోగా మరమ్మతులు పూర్తికావాలి. మరమ్మతుకి ఎస్టిమేటు, ఎస్టిమేటుకి డ్రాయింగు ఉండాలి. అంతకుముందు ఏడాది పాత డెస్క్‌టాప్ మాటిమాటికీ మొరాయించి, సముద్రం దగ్గరి ఒక చివరి కాలువ డ్రాయింగు ఆలస్యమైంది. పని ఆగిపోయింది. ఆ పొలాలకి నారుమడి వేళకి నీళ్ళు అందలేదు. ఆ డ్రాయింగు గీసే బాధ్యత నాగమణి గారిది. ఆవిడ జూనియర్ టెక్నికల్ ఆఫీసరు. ఆ ఉద్యోగాన్నే పాతరోజుల్లో డ్రాఫ్ట్స్‌మన్ అనేవాళ్ళం. రైతులు వచ్చి నిలదీసినప్పుడు ఆవిడ తలవంచుకుని నిలబడటం నేను చూశాను. ఈ ఏడూ ఆ పని ఆవిడ బల్ల మీదే ఉంది.

మధ్యరకం ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. బొమ్మను తెరమీదికి తెచ్చే భాగం ప్రాసెసర్‌లోనే కలిసి వస్తుంది. దాన్ని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. గవర్నర్‌పేట డీలరు ఒకరు రెండు మోడళ్ళు చూపిస్తానన్నారు. ఒకదాంట్లో కొత్త తరం గ్రాఫిక్స్, రెండోదాంట్లో పాత తరం. రెండిట్లోనూ ర్యామ్ పదహారు జీబీయే. ఇక చూసేదేముంది? పోలిక పట్టికలో కొత్తదాని ఎదురుగా టిక్కు పెట్టి, నోట్ ఫైల్లో సిఫారసు రాసి సంతకం చేసేశాను. డెమో కేవలం లాంఛనం అనుకున్నాను.

డెమో రోజున డీలరు పంపిన టెక్నీషియన్ రెండిటి మీదా వీడియోలు వేసి చూపించాడు. రెండూ బాగానే ఆడాయి. మేం టీలు తాగి లేవబోతుంటే, డెమో చూడ్డానికి వచ్చిన నాగమణి గారు పెన్‌డ్రైవ్ తీశారు. అందులో డెల్టా మొత్తం మ్యాపు ఉంది. కాలువలు, పిల్లకాలువలు, తూములు, గట్లు, ఒక్క పొర కూడా వదల్లేదు. బ్యారేజీ దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా, కాలువ వెంబడే సముద్రం దాకా మ్యాపును జరుపుకుంటూ పోవాలి. అదీ ఆవిడ పెట్టిన పరీక్ష.

పాత తరం మిషను సాఫీగా పోయింది. నేను టిక్కు పెట్టింది సగం దారిలో నత్తనడక పట్టింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని కమిటీలో ఎవరో గొణిగారు. నాకు మండింది. గ్రాఫిక్స్ అనేవి పిల్లల ఆటలకి, మనకెందుకు అన్నాను, కాస్త గట్టిగానే.

ఆవిడ రెండిటి వెనక మూతలూ తీయమని టెక్నీషియన్‌ని అడిగారు. కొత్తదాంట్లో పదహారు జీబీది ఒకటే ర్యామ్ స్టిక్కు, అంటే మెమరీ పలక; పక్క స్లాటు ఖాళీ. పాతదాంట్లో ఎనిమిదేసి జీబీవి రెండు స్టిక్కులు.

"ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదండీ, ర్యామ్‌లోంచే తోడుకోవాలి, ఒక్కో స్టిక్కూ ఒక్కో తూము," అన్నారావిడ. "చెరువు నిండా నీళ్ళున్నా తూము ఒక్కటే అయితే పొలానికి ఎప్పటికి చేరతాయండీ?"

ముప్ఫై ఏళ్ళు తూముల మీద బతికినవాణ్ణి. ఆ లెక్క చటుక్కున అర్థమైంది.

అక్కడితో ఆపి పాత తరందే కొనమని ఉంటే మేమంతా తలూపేవాళ్ళం. ఆవిడ ఆపలేదు. పోల్చాలంటే రెండిటికీ సమానంగా నీళ్ళు వదిలి చూడాలి కదా అని, ర్యామ్‌లు అటువి ఇటు, ఇటువి అటు మార్పించారు. అదృష్టవశాత్తు రెండిట్లోనూ ఒకే రకం ర్యామ్. ఈసారి కొత్త మిషను, ఇందాకటి పాతదానికన్నా వేగంగా, సముద్రం చేరింది. పాతది చతికిలబడింది. అంటే నేను ఎంచిన మిషను మంచిదే, రాసిన స్పెసిఫికేషనే తప్పు. ర్యామ్ ఎంత ఉండాలో రాశాను గానీ ఎన్ని స్టిక్కులుండాలో రాయలేదు. అరిచిన అధికారి ఎంపికకి కూడా న్యాయం చేసిన మనిషిని నా సర్వీసులో ఆవిడనొక్కరినే చూశాను. నిజంగా ముచ్చటేసింది.

నోటు మార్చాలంటే నా పై అధికారి సూపరింటెండింగ్ ఇంజినీరు ఆమోదం, ముందు తీసుకున్నదే అయినా, మళ్ళీ తీసుకోవాలి. పది రోజులు పోతాయి. చివరి కాలువ పని ఈసారీ మిగిలిపోతుందేమో అని ఆవిడనే అడిగాను.

"పది రోజులు ఆ పాత డెస్క్‌టాప్‌తో ఈడ్చుకొస్తానండీ. ఇవి ఇలాగే కొంటే ఐదేళ్ళు ఈడవాలి," అన్నారు.

నా సంతకాన్ని నేనే కొట్టేసి, ఎందుకు కొట్టేశానో కింద రాశాను. రెండేసి స్టిక్కులతో ల్యాప్‌టాప్‌లు వచ్చేనాటికి ఆవిడ రోజూ అందరికన్నా ముందొచ్చి, ఆ మొరాయించే డెస్క్‌టాప్ మీదే చివరి కాలువ డ్రాయింగు పూర్తిచేశారు. ఆ ఏడు నారుమడి వేళకే నీళ్ళందాయి. ఆ మాట చెప్పడానికి రైతులు నా గదికి వస్తే, నేరుగా నాగమణి గారి బల్ల దగ్గరికి పంపాను.

పోల్చవలసింది పేర్లని కాదు, మన పని మీద పెట్టి మిషన్లని. దాని మీద పనిచేసే మనిషిని ముందు అడగాలి, సంతకం తర్వాత పెట్టాలి. నేను ముందూ వెనకా తారుమారు చేశాను.