మసకబారిన కమ్మలు

నార్సింగిలో పొలం అపార్ట్‌మెంట్లకు పోయినప్పుడు వచ్చిన డబ్బుతో అమ్మమ్మ తన ఇద్దరు కూతుళ్లకూ చెరొక జత వజ్రాల కమ్మలు చేయించింది. పెద్ద కూతురు మా అమ్మ. వంటలోనూ, స్నానంలోనూ, నిద్రలోనూ వాటిని తీసేది కాదు. చిన్నమ్మ హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేది. తన కమ్మలు బీరువాలో దాచుకుని పెళ్లిళ్లకే పెట్టుకునేది.

కొన్నేళ్లకు ఒక పెళ్లిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. చిన్నమ్మ తల తిప్పినప్పుడల్లా చెవి దగ్గర రంగులు చిమ్మాయి. అమ్మవి గాజుపెంకుల్లా ఉన్నాయి.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటూ అమ్మ అంది: "మా అమ్మకు మొదటి నుంచి చిన్నదంటేనే పానం. అసలువి దానికిచ్చి, నాకు గిసుంటివి అంటగట్టింది."

"అమ్మమ్మనే అడగరాదు?" అన్నాను.

"కన్నతల్లిని ఏమని అడగాలె?"

అడగలేదు. నార్సింగి వెళ్లడం తగ్గించింది. అమ్మమ్మ ఫోన్ చేసి రమ్మంటే తీరిక లేదనేది. కారణం తెలియకుండానే అమ్మమ్మ కన్నుమూసింది.

నిరుడు నా నిశ్చితార్థం ఉంగరం కోసం కొండాపూర్‌లో ఒక నగల దుకాణానికి వెళ్లాం. అక్కడి అమ్మాయి అమ్మ చెవుల వైపు చూసి, "ఒకసారి తీసివ్వండమ్మా, శుభ్రం చేసిస్తాను" అంది.

"అవి ఉత్త రాళ్లు. ఇడిసిపెట్టు."

అయినా తీయించుకుని, ఆ అమ్మాయి వాటిని పరీక్షించి తెచ్చింది. "వజ్రాలేనండి. మంచివి కూడా."

గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో వెనకవైపు రుద్ది, తుడిచి మా ముందు పెట్టింది. పెళ్లిలో చిన్నమ్మ చెవుల దగ్గర చూసిన మెరుపే.

"వజ్రానికి జిడ్డు తొందరగా అంటుకుంటుందండి. లోపలికెళ్లిన వెలుగు వెనక చెక్కిన ముఖాలకు తగిలి మళ్లీ పైకొస్తేనే మెరుపు, ఆ రంగులు. వెనక జిడ్డు పేరుకుంటే వెలుగు అటే పోతుంది. రాయికి మాత్రం ఏమీ కాదు. ఎన్నేళ్లు వాడినా గీత పడదు. అందుకే కదండీ అందరూ వజ్రమే కావాలంటారు."

అమ్మ కమ్మలు పెట్టుకోలేదు. గుప్పిట్లో పట్టుకుని కారెక్కింది.

"ఒకసారి మా అమ్మ నా చెవులు ముట్టి చూసింది. రోజూ పెట్టుకుంటున్నవా బిడ్డా అని సంబరపడ్డది. నేను మొఖం తిప్పుకున్న" అంది.

తర్వాత ఇంటికి వద్దని, హఫీజ్‌పేట్‌లో చిన్నమ్మ ఇంటికి పోనిమ్మంది. అక్కడ సోఫాలో కూర్చుని జరిగిందంతా చెప్పింది.

"అక్క ఎందుకొస్తలేదని అమ్మ నన్ను అడుగుతుండె" అంది చిన్నమ్మ. "తీరిక లేదంట అని చెప్పిన. నాకు మాత్రం ఏం తెలుసక్కా?"